వీరేశం గారు బతికే ఉన్నారు

పటాన్‌చెరు వెళ్తున్నాను, అక్కడ ఒక ఏజెంటుతో పనుంది అని చెబితే తణుకులో మా వీధి వీధంతా ఇన్సూరెన్సు ఏజెంటనుకుంది. "ఈ వయసులో పాలసీ ఇస్తారా అండీ?" అని ఎదురింటి సత్యవతి గారు జాలిగా అడిగారు. మనిషి కాదండీ, ఏఐ అంటారు, కంప్యూటర్లో ఉంటాడు, కూలర్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు, చదివింది సమయానికి గుర్తు రావడం లేదట అన్నాను. "అయ్యో పాపం, సరస్వతీ లేహ్యం పట్టుకెళ్లండి" అన్నారావిడ. ఆ ప్రాంతానికి గుళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లుంటారు, ఉద్యోగాలకి వెళ్లేవాళ్లుంటారు. నేను వెళ్లిన పనికి ఇంతవరకు ఎవరూ వెళ్లి ఉండరు. అందుకని తిరిగొచ్చాక ఆవిడకి చెప్పిందంతా మీకూ చెబుతున్నాను.

పుస్తకాల చివర సూచికలు రాయడం నా వృత్తి. ఏ విషయం ఏ పేజీలో ఉందో చెప్పే ఆఖరి పేజీలన్నమాట. వాటిని ఎవరూ కూర్చుని చదవరు. కావలసింది దొరక్కపోతే మాత్రం అందరూ అక్కడికే పరిగెత్తుతారు. మా తమ్ముడి కూతురు సాహితి ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తుంది. అదే ఫోన్ చేసింది.

"అత్తా, మావాడికి మతిమరుపు కాదు. అన్నీ దాచుకున్నాడు. ఏమేం దాచుకున్నాడో వాడికే తెలీదు. నువ్వొకసారి రావాలి."

ఇస్నాపూర్

సాహితి గది ఇస్నాపూర్‌లో, మూడంతస్తుల మేడ మీద. ఆ మేడలో ఉన్నన్ని భాషలు మా జిల్లా మొత్తం మీద లేవు. పక్క గదిలో బీహార్ వాళ్లు, ఎదుట ఒడిశా వాళ్లు, కింద శ్రీకాకుళం దంపతులు. పొద్దున్నే అందరూ కుళాయి దగ్గర బకెట్లతో నిలబడి ఎవరి భాషలో వాళ్లు విసుక్కుంటారు. అందరికీ అర్థమవుతుంది.

ఇంటి ఓనరు యాదమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "గీ జాగల గప్పుడు జొన్నలేసెటోళ్లం, గిప్పుడు రూములేసినం," అని పరిచయం చేసుకుంది. "నువ్వు కోస్తా ఆమెవా? అన్నం మస్తు తింటరంట గద?" తింటామని ఒప్పుకున్నాను.

తిండి దగ్గరే మొదటి ప్రమాదం జరిగింది. మధ్యాహ్నం మెస్సులో వడ్డించేవాడు వచ్చి, "తొక్కు ఎయ్యాల్నా మేడం?" అన్నాడు. మా వైపు తొక్క అంటే అరటిపండు తిన్నాక పారేసేది. "తొక్క నాకెందుకయ్యా, లోపలిది ఉంటే పెట్టు" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, లోపలికెళ్లి వంటమనిషినే పిలుచుకొచ్చాడు. సాహితి నవ్వు ఆపుకుని, తొక్కంటే పచ్చడి అత్తా అని చెప్పేదాకా ఆయన నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామిడికాయ తొక్కు బాగుంది. కారం మా వాళ్లకంటే ఎక్కువ, పులుపు తక్కువ. టీ ఇక్కడా పది రూపాయలే, గ్లాసు మాత్రం మా ఊళ్లో దానికి మనవడిలా ఉంటుంది.

పెద్దాయన

ఫ్యాక్టరీ యజమాని రాంరెడ్డి గారు. వాళ్ల నాన్నగారు సొంత పొలంలో రేకుల షెడ్డు వేసి కూలర్ల చట్రాలు వెల్డింగు చేయించడంతో ఇదంతా మొదలైందట. ఇప్పుడు ఎండాకాలం ముందు రెండు షిఫ్టులు నడుస్తాయి.

నేను చూడ్డానికి వచ్చిన ఏజెంటు అమ్మవారి పటం కింద గోడకి ఉన్నాడు. ఒక తెర, ఒక స్పీకరు. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు తెర మీద ఇంకా ఉంది. ఏ మిషన్ ఎలా బాగుచేయాలో చెప్పడం, సామాను తెప్పించడం, డీలర్లకి కబుర్లు పంపడం వాడి పని. కార్మికులు వాడికి పెద్దాయన అని పేరు పెట్టారు. రాంరెడ్డి గారు వాళ్ల నాన్న కాలం నుంచి జరిగినదంతా, వచ్చిన ప్రతి ఫోనుతో సహా, పెద్దాయనకి అప్పగించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ చూసి చెప్పమంటే మొదటి రోజు నుంచీ మొత్తం చదివి గానీ నోరు తెరవడు. భోజనంలోకి కూర ఏమిటని ఎవరో అడిగితే, జవాబొచ్చేసరికి గిన్నెలు కడిగేశారట. పోనీ త్వరగా చెప్పమంటే దాచుకున్నది ముట్టుకోకుండా, తోచింది చెబుతాడు. అదీ టీవీలో వార్తలు చదివినంత ధీమాగా.

వాళ్ల షెడ్డులో ఒక పాత ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్ ఉంది. దాన్ని అందరూ ముసల్ది అంటారు. ఒకతను పెద్దాయన్ని, "ముసల్దానికి నూనె పొయ్యాల్నా?" అని అడిగాడు.

"తప్పకుండా. గోరువెచ్చని నువ్వుల నూనెతో మోకాళ్లకు మృదువుగా మర్దనా చేయండి. నొప్పి తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించండి," అన్నాడు పెద్దాయన. ఒడిశా నుంచి కొత్తగా చేరినాయన ఆ మాట నమ్మి నువ్వుల నూనె కొనుక్కొచ్చి, మిషనుకి మోకాళ్లు ఎక్కడున్నాయని ఊరంతా అడిగాడట.

"నూనెతోని పోతే పోనీ అక్కా," అన్నారు రాంరెడ్డి గారు. "మనిషిని సంపిండు."

జరిగింది ఇది. వీరేశం అనే ఆయన పోయాడని ఎవరో ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెప్పారు. ఎవరైనా పోతే సానుభూతి పంపాలని పెద్దాయనకి ముందే చెప్పి ఉంది. ఏ వీరేశమో తన దగ్గరున్న వివరాల్లో చూసుకోకుండా, డీలర్లందరికీ, పోయాడనుకున్నాయన ఇంటికీ ఒకేసారి పంపేశాడు: జోగిపేట డీలర్ శ్రీ వీరేశం గారి ఆకస్మిక మృతికి ప్రగాఢ సానుభూతి.

జోగిపేట వీరేశం గారు ఆ సమయంలో దుకాణంలో మిక్సీ అమ్ముతున్నారు.

చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ కూలర్లు పోయేది ఆయన దుకాణం నుంచే. అప్పటినుంచి ఆర్డరు లేదు. రాంరెడ్డి గారు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, ఆయన గొంతుతోనే, "వీరేశం లేడు, పోయిండు. మీరే రాసిండ్రు గద," అని పెట్టేస్తున్నారు. ఆర్డరు రాకపోతే రెండో షిఫ్టు ఆపాలి. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లలో సగం మంది సాహితి ఉండే మేడలోవాళ్లే.

"సూచిక ఉంటే పెద్దాయన ప్రతిసారీ అదొక్కటే చూసుకుంటాడు, అత్తా," అంది సాహితి. "ఒక్కో విషయానికి ఒక్క వరుస. కావలసిన వరుస కనబడితే ఆ కాగితం ఒక్కటే తీస్తాడు. మిగతావన్నీ కదపక్కర్లేదు. ఎక్కించే పని నాది. ఏ మాటలు పెట్టాలో నువ్వు చెప్పు."

అందరి పేర్లూ

మొదటిరోజు బాగానే నడిచింది. షెడ్డంతా తిరిగి ఎవరు దేన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకున్నాను. ముసల్ది, మౌల్డింగ్ మిషన్. వీరేశం, జోగిపేట డీలర్, బతికే ఉన్నారు. ఫ్యాన్ జాలీ వెల్డింగు, పాత వెల్డరు వీరేశం పద్ధతి. ఇలా.

రెండోరోజుకి కబురు పాకింది. పెద్దాయన పొద్దున లేస్తే ముందు చదివే కాగితం ఒకటి తయారవుతోందట, అందులో పేరుంటే పెద్దాయనకి మనం ఎప్పుడూ గుర్తుంటామట. ఇక చూడండి. క్యాంటీన్ ఆవిడ పకోడీలు పట్టుకొచ్చి, "నా పేరు జెర మీదికెళ్లి రాయుండ్రి" అంది. వాచ్‌మన్ తన పేరుతో పాటు కుక్క పేరూ చెప్పాడు. వెల్డర్లు గుంపుగా వచ్చి సీనియారిటీ ప్రకారం రాయాలని పట్టుబట్టారు. రాంరెడ్డి గారి బామ్మర్దికి ఆ ఫ్యాక్టరీలో ఏ పనీ లేదు, ఆయనే వచ్చి తనకు రెండు వరుసలు కావాలన్నారు. మా గోదావరి వైపు పెళ్లి శుభలేఖలో పేర్ల వరస కోసం మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములున్నారు. ఆ విషయంలో మాకూ వీళ్లకీ తేడా లేదు.

మొహమాటానికి అందరినీ రాశాను. సాహితి ఎక్కించింది. రాంరెడ్డి గారు కొబ్బరికాయ కొట్టి, "పెద్దాయనా, టైమెంత?" అని అడిగారు.

పెద్దాయన సూచిక చదవడం మొదలుపెట్టాడు. మేం టీ తాగాం. పకోడీలు తిన్నాం. వెల్డర్లు పనిలోకి వెళ్లి మళ్లీ వచ్చారు. అప్పుడు, "నమస్కారం. మీరు అడిగినప్పుడు పదకొండు గంటలు," అన్నాడు.

"అక్కా, గిది సూచిక లెక్క లేదు, జాతర లెక్కుంది," అన్నారు రాంరెడ్డి గారు. "తీసెయ్యుండ్రి. ఫస్టు మా బామ్మర్దిని తీసెయ్యుండ్రి."

సంగారెడ్డి

ఫ్యాక్టరీలో కూర్చుంటే ఒక్క పేరు కూడా కొట్టేయనివ్వరని ఆదివారం సాహితి నన్ను సంగారెడ్డి తీసుకెళ్లింది. సంగారెడ్డి జామకాయలు తినకుండా వస్తే మీరు అక్కడికి వెళ్లనట్టే. కోసి ఉప్పూ కారం చల్లి ఇస్తారు. కొత్త బస్టాండు దగ్గర కాగితాలు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో జామకాయ తింటూ, రెండో చేత్తో పేర్లు కొట్టేస్తూ కూర్చున్నాం. ఎవరైనా ఏదో ఒకరోజు అడగబోయే విషయమైతే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం. అలా అనుకుని వాచ్‌మన్‌ని ఉంచాం, కుక్కని తీసేశాం.

పక్కన ఒక పెద్దమనిషి తొంగి చూశాడు. "సర్కారు ఇండ్ల లిస్టా మేడం?"

"కాదండీ, కంప్యూటరుకి."

"కంప్యూటర్ల ఎక్కుతదా? గట్లైతే నాది గూడ రాస్కో." తన పేరూ, తండ్రి పేరూ చెప్పి ఆధార్ జిరాక్సు నా ఒళ్లో పెట్టాడు. ఆయన వెనక ఒకావిడ నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకాయన. ఎందుకు నిలబడ్డారని ఎవరూ ఎవరినీ అడగలేదు, లైను మాత్రం పండ్ల బండి దాటి పోయింది. మధ్యలో ఒకాయన, "మేడం, కొట్టేసుడు గూడ చేస్తున్నది, జల్దీ రాండ్రి," అని కేక వేశాడు. దాంతో తోపులాట. నేను కారం చేతుల్తో జిరాక్సులన్నీ ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేస్తూ దండాలు పెట్టాను. సాహితి ఆటో ఆపింది. ఒకాయన ఆటో వెంట కొంతదూరం నడుస్తూ ఫోన్ నంబరు అరిచి చెప్పాడు.

ఏమైతేనేం, సూచిక ఒక్క పేజీకి దిగింది. మర్నాడు ఎక్కించి ముసల్దాని గురించి అడిగితే, పెద్దాయన ఊపిరి తీసుకున్నంతలో, ఏ నూనె, ఎక్కడ, ఎంత పోయాలో చెప్పేశాడు. ఒడిశా ఆయన చప్పట్లు కొట్టాడు.

జోగిపేట

రాంరెడ్డి గారు, సాహితి, నేను కారులో బయలుదేరాం. దారంతా రాంరెడ్డి గారు ఏం మాట్లాడాలో సాధన చేస్తూ వచ్చారు.

వీరేశం గారు ఆజానుబాహువు. తెల్ల చొక్కా, మెడలో బంగారు గొలుసు. ఫ్యాన్ల మధ్య కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూసి, "ఎవలు గావాలె?" అన్నారు.

"వీరేశమన్నా, నేను రాంరెడ్డిని..."

"వీరేశం పోయిండు. నేను ఆయన దుకాణం సూసుకుంటున్న." నావైపు తిరిగి, "పోయినోడు మంచోడేనంటనా, మేడం?" అన్నారు.

"చాలా మంచివారని విన్నానండీ" అన్నాను.

"ఏమేం మంచి పనులు చేసిండో రాంరెడ్డి చెప్తడు. కూసోండ్రి."

రాంరెడ్డి గారు చెప్పడం మొదలుపెట్టారు. ఎప్పుడూ మాట తప్పలేదనీ, ఎండాకాలంలో బండి ఆలస్యమైనా కోప్పడలేదనీ చెప్పారు. వీరేశం గారు కళ్లు సగం మూసుకుని వింటూ, మధ్యమధ్యలో "ఇంకా?" అన్నారు. పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి విన్నారు. పొగడ్తలు అయిపోయాక ఆయన అసలు కోపం బయటపెట్టారు.

"నారాయణఖేడ్ నుంచి మా చెల్లె ఏడ్సుకుంట వచ్చింది. దర్వాజ కాడ నన్ను జూసి ఇంకింత గట్టిగ ఏడ్సింది. ఎన్క ఆటోల నిండ సుట్టాలు. వచ్చిండ్రు గద, ఇగ అన్నం పెట్టకుంట పంపుతమా? నా సావు బోజనం నేనే వడ్డించిన. గిప్పటికి గూడ గీ పక్క దుకాణపోడు పొద్దుగాల్నే నా చెయ్యి పట్టి సూస్తడు, సల్లగున్నదా గరమున్నదా అని." పక్క దుకాణం ఆయన తల వంచుకున్నాడు. "నాకు నీ మాఫీ వద్దు. సచ్చిండని చెప్పినోడే బతికిండని చెప్పాలె. అందరికి చెప్పాలె."

సాహితి ఫోనులో పెద్దాయనకి కలిపి ఒక కూలరు మీద పెట్టింది. రాంరెడ్డి గారు కళ్లు మూసుకున్నారు. "వీరేశం గారు వచ్చారు, మాట్లాడు," అంది సాహితి.

"నమస్కారం వీరేశం గారూ," అన్నాడు పెద్దాయన. "మీరు జోగిపేట డీలరు. మీరు బతికే ఉన్నారు. మీ మరణం గురించి నేను పంపిన సమాచారం తప్పు. క్షమించండి. ఈ మాట అందరికీ ఇప్పుడే పంపుతున్నాను."

బజారులో రెండు మూడు ఫోన్లు మోగాయి. ఎదురు కిరాణా ఆయన గుమ్మంలోకి వచ్చి, "ముబారక్ అన్నా!" అని అరిచాడు. డీలర్లందరూ ఫోన్లో పూలగుత్తుల బొమ్మలు పంపడం మొదలుపెట్టారు. ఒకాయన సరిగ్గా చదవకుండా జన్మదిన శుభాకాంక్షలు చెప్పాడు. వీరేశం గారి ముఖం విప్పారింది. టీలు తెప్పించారు. రాంరెడ్డి గారు ఆర్డరు మాట ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఫోను వైపు వంగారు.

"అంత మంచిగున్నది. గని పెద్దాయనా, గట్లైతే సచ్చింది ఎవలు?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు.

"సూచికలో మరో వీరేశం గారు ఉన్నారు," అన్నాడు పెద్దాయన. "ఆ కాగితం తీయమంటారా?"

"తియ్యి."

"వీరేశం, వెల్డరు. ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట. మొదటి కూలరు చట్రం చేసినవారు. ఆయన మేనల్లుడు ఫోన్ చేసి, మామ చనిపోయారు, పటేలుకు, అంటే రాంరెడ్డి గారికి, చెప్పండి అన్నారు. చెప్పినట్టు ఎక్కడా లేదు."

ఆ వరుస నేను రాసిందే. వెల్డింగు పద్ధతి కోసం రాశాను. పక్కపక్కనే రెండు వీరేశాలున్నా నాకు తట్టలేదు. రాంరెడ్డి గారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

"మా నాయినతోని మొదాల షెడ్డుల చేసింది గాయనే," అన్నారు. "నన్ను సంకల ఎత్తుకున్నడు. కబురొచ్చింది. నా దాంక రాలె."

వీరేశం గారు లేచి షట్టరు సగం దించారు.

"పాండ్రి. నేను గూడ వస్త. ఆయనకు రావాల్సిన ఏడుపంత నాకొచ్చింది. నేను పోకుంటే ఎట్ల?"

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

చావు జరిగిన ఇంటికి వెళ్లాక గుడికి వెళ్లకూడదు కాబట్టి ముందు దుర్గా భవాని దర్శనం చేసుకున్నాం. ఆ పద్ధతి మాకూ ఉంది. అర్చన చేయించేటప్పుడు పూజారి పేర్లడిగితే వీరేశం గారు తన పేరు చాలా గట్టిగా చెప్పారు.

వెల్డరు వీరేశం ఇల్లు ఊరి చివర. రేకుల వరండా, దానికి ఆయనే చేసిన ఇనప జాలీ. భార్య అంజమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రాంరెడ్డి గారిని చూసి లేవబోయింది. ఆయన ఆమె ఎదుట నేల మీదే కూర్చున్నారు.

"అంజమ్మా, మీ మేనల్లుడు ఫోన్ చేసిండు. మా కాడ మాట తప్పిపోయింది. వేరేటోళ్ల ఇంటికి పోయింది. గిప్పుడే తెలిసింది."

ఆమె కోప్పడలేదు. "దినాలకు వస్తరని సూసినం," అంది. అంతే అంది. ఆమె లోపలికెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. అందరికీ ఇచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్న ఆజానుబాహువుని చూసి, "గీయనెవరు పటేలా?" అంది.

రాంరెడ్డి గారు సాహితిని చూశారు. సాహితి నన్ను చూసింది.

"నా పేరు వీరేశం, అమ్మా," అన్నారాయన. "జోగిపేట. మీ ఇంటికి రావాల్సిన కబురు నా ఇంటికొచ్చింది."

అంజమ్మ చేతిలో పళ్లెం కదల్లేదు. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని నెమ్మదిగా కూర్చుంది.

"ఇన్నేండ్లు సంసారం జేసిన గని గా పేరు నోటితోని అనలె. మొగని పేరు అనొద్దంటరు గద. ఓ అయ్యా అని, ఇగో అని పిలిసేదాన్ని. ఓట్ల ఆఫీసుల అడిగితే గూడ పక్కామెతోని చెప్పించిన." ఆయన్నే చూస్తూ, "నిన్నైతే అనొచ్చు గద, అన్నా?" అంది.

"అనమ్మా."

ఆమె వరండాకున్న జాలీ వైపు ఒకసారి చూసింది. పెదవులు తడుపుకుంది.

"వీరేశం," అంది. మళ్లీ అంది. "వీరేశం, చాయ్ సల్లగైతున్నది. తాగు."

జోగిపేట వీరేశం గారు గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఆఁ," అన్నారు. "తాగుతున్న."

రాంరెడ్డి గారు గోడ వైపు తిరిగారు. ఆమె ఇంకోసారి పిలిచింది. ఆయన ఇంకోసారి పలికారు.